నా దాకా రాని గండభేరుండం

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. అరచేతిలో పట్టే ఇనప డబ్బాని. నాలోపల అద్దాల్లాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి, సన్నటి చెయ్యి ఒకటి వాటిమీద రాస్తూ చదువుతూ ఉంటుంది. నాకు అక్షరాలు రావు, బొమ్మలు రావు. అయస్కాంతపు చుక్క ఇటు తిరిగి ఉందా, అటు తిరిగి ఉందా అన్నదొక్కటే నా చదువు. ఆ కాస్త చదువుతోనే మీ పెళ్ళి ఫొటోలూ, మీ పరీక్ష మార్కులూ, ఇంట్లోవాళ్ళు చూడకూడదని మీరు దాచుకున్నవీ అన్నీ మోస్తాను. అయినా కంప్యూటర్ అనగానే మీ కళ్ళకు తెర ఒక్కటే కనబడుతుంది. దాన్ని తుడుస్తారు, దానికి ముసుగు కుడతారు. నా మొహం చూసిన పాపాన పోరు.

ఏదో దేశంలో, ముక్కూ మూతీ కట్టుకున్న మనుషుల మధ్య పుట్టాను. లోపల ఒక్క నలుసు పడితే నా పని సరి అని అక్కడంత శుభ్రం. అక్కణ్ణుంచి ఓడలెక్కి, లారీలెక్కి ధర్మవరంలో తిప్పేస్వామి కొట్టుకు వచ్చిపడ్డాను. పట్టుచీరల కొంగుకూ అంచుకూ కంప్యూటర్ మీద డిజైను వేసి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గాలకు ఇవ్వడం ఆయన వ్యాపారం. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ అట్టల్ని చూడగానే వీళ్ళు నా చుట్టాలే అనుకున్నాను.

డిజైన్లు వేసే ప్రోగ్రామ్ రాసింది కుసుమ. డిప్లొమా చదివి ఆ కొట్టులోనే ఉద్యోగానికి చేరిన అమ్మాయి. తెలివైనదే, కానీ తెర కింద ఏం జరుగుతుందో తొంగిచూసే అలవాటు లేదు. తెరమీద 'సేవ్ అయింది' అని వస్తే ఇక దేవుడే దిగివచ్చి చెప్పినట్టు నమ్మేది.

తిప్పేస్వామికి నిదానం లేదు. "ఏమ్మా, సేవ్ నొక్కి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతానే ఉండాది, ఇదేం ప్రోగ్రామమ్మా?" అని రోజూ సణిగేవాడు. ఆ నస భరించలేక కుసుమ ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన మూడు లైన్లు తెచ్చి తన ప్రోగ్రామ్‌లో అతికించింది. అంతే, సేవ్ చిటికెలో అయిపోవడం మొదలైంది. తిప్పేస్వామి మురిసిపోయాడు. ఎలా అయిందని ఆయన అడగలేదు, ఈమె ఆలోచించలేదు.

నేను చెబుతాను వినండి. ఆ మూడు లైన్లతో డిజైన్లు నా దగ్గరకు రావడం మానేశాయి. నా పక్కనే ఉండే మెమరీలో పడి ఉండేవి. మెమరీ మహా చురుకైనది, కాదనను. కానీ కరెంటు పోయిందంటే దాని బుర్ర ఖాళీ. కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపితే, ఆగేముందు అన్నీ నాకు అప్పగించాలని ఆ లైన్లలోనే ఉంది. ఆపేదెవరు? ఇన్వర్టర్ ఉందన్న ధీమాతో సాయంత్రం తెర ఒక్కటి ఆర్పేసి పోయేవాళ్ళు. నేను లోపల ఖాళీగా తిరుగుతూ నాలో నేనే తిట్టుకునేవాణ్ణి.

అప్పుడు దిగాడు ఓబులేసు. జీవితమంతా గళ్ళ కాగితం మీద చీరల డిజైన్లు గీసిన పెద్దమనిషి. చేతులకు వణుకు వచ్చి గీయడం మానేశాడు. "ఇప్పుడు కాగితాలెవరు గీస్తారన్నా, అంతా కంప్యూటరే" అని తిప్పేస్వామి ఎగతాళి చేస్తే ఆయనకు రోషం వచ్చింది. శ్రావణంలో వచ్చి నా ముందు కూర్చున్నాడు. వణికే చేత్తో మౌసు పట్టుకుని ఒక్కొక్క గడీ నింపుతూ గండభేరుండం మొదలుపెట్టాడు. కొంగు నిండా రెండు తలల పక్షి. ఇదే తన ఆఖరి డిజైను అన్నాడు. ఎవర్నీ ముట్టనివ్వలేదు. పంతానికి పోయి కాగితం మీద ఒక్క గీత కూడా వేసుకోలేదు. దసరా ముందర పూర్తయింది.

ఆయుధపూజ రోజు తిప్పేస్వామికి భక్తి పొంగింది. "మగ్గాలకు ఇస్తా ఉండాం, దీనికీ ఈ పొద్దు విశ్రాంతి ఇయ్యల్ల" అంటూ మెయిన్ ఆపాడు. అది చాలలేదు, ఇన్వర్టర్ వైరు కూడా పీకాడు. నా పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయలు కోసి, టెంకాయ కొట్టాడు. నాకు దండం పెట్టి మరీ నన్ను ముంచిన మనిషి ఆయనొక్కడే.

మర్నాడు చూస్తే పక్షి లేదు. మిగతా డిజైన్లకు అప్పటికే అట్టలు కొట్టేశారు కాబట్టి బెంగ లేదు. ఇదొక్కటే ఎక్కడా లేదు.

"యాడికి పోయినాది పాపా? సేవ్ అయిందని చెప్పిందే!" అని ఓబులేసు తెర వెనక్కి కూడా వంగి చూశాడు.

"ఈ డబ్బానే మింగేసినాదన్నా!" అని తిప్పేస్వామి నన్ను ఊడబెరికి అనంతపురంలో రిపేరు షాపుకు పట్టుకుపోయాడు. అక్కడి కుర్రాడు తిప్పి తిప్పి చూసి, "దీనికేం రోగం లేదు సార్. మీరడిగే ఫైలు దీంట్లో ఎప్పుడూ పడలేదు" అన్నాడు. వాడి నోట్లో చక్కెర పొయ్య! తిప్పేస్వామి మాత్రం వాడికి పని రాదని తీర్మానించి, కొత్త డిస్కు కొని, నన్ను చెడిపోయిన మౌసుల డబ్బాలో పడేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేతికి ఇవ్వని సొమ్ముకు నేను దొంగనా?

కుసుమను ఆ కుర్రాడి మాట పట్టుకుంది. సేవ్ నొక్కితే నిజంగా ఏమవుతుందో మొదటిసారి వెతకడం మొదలుపెట్టింది. ప్రోగ్రామ్ ఎవరిని అడుగుతుంది, వాళ్ళు ఎక్కడ పెడతారు, డిస్కు దాకా ఎప్పుడు వస్తుంది అని చదివింది. నన్ను డబ్బాలోంచి తీసి, కొత్త డిస్కు స్థానంలో మళ్ళీ బిగించింది. చిన్న ఫైలు సేవ్ చేసి వైరు పీకింది. ఫైలు పోయింది. ఆ మూడు లైన్లు తీసేసి, నా మీద రాయడం పూర్తయ్యాకే 'సేవ్ అయింది' అనేలా మార్చి, మళ్ళీ పీకింది. ఫైలు ఉంది. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

నోరు మూసుకుంటే సరిపోయేది. నింద ఎలాగూ నా నెత్తిన ఉంది. కానీ ఓబులేసు ఇంటికి పోయి చెప్పేసింది. "డిస్కు తప్పు గాదు తాతా. నేనే తెలీకుండా చేసినా."

ఓబులేసు గోడవైపు తిరిగి పడుకున్నాడట. కొట్టుకొచ్చి ఆ సంగతి చెప్పి ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేదంది.

దీపావళి అయ్యాక ఆయనే వచ్చాడు. "కండ్లు మూసినా ఆ పక్షి నా తలకాయలోనే తిరుగుతా ఉండాది. నేను పొయ్యేలోపల దించల్ల. చెయ్యి రాదింక. నేను చెప్తా, నువ్వు పెట్టు" అని కుర్చీ లాక్కున్నాడు.

"రెండు ఎత్తు, మూడు ఇడువు, ఒకటి ఎత్తు" అని ఆయన కళ్ళు మూసుకుని చెబుతుంటే ఆమె ఎత్తు అన్నచోట గడి నింపి, ఇడువు అన్నచోట ఖాళీ వదిలింది. తప్పు పెడితే కళ్ళు తెరవకుండానే తిట్టేవాడు. తిట్టినప్పుడల్లా కుసుమ మొహంలో వెలుగు వచ్చేది. పూర్తయిన ప్రతి వరసా నా దగ్గరకు వచ్చింది, నేను రాసుకున్నాను.

కార్తీకం చివర్లో ఆఖరి గడి పడింది.

"సేవ్ అయినాది తాతా."

"ఆ మాట పోయినసారీ చెప్పింది మీ కంప్యూటరు."

కుసుమ లేచింది. మెయిన్ ఆపింది. ఇన్వర్టర్ వైరు పట్టుకుంది. "ఏయ్ పాపా! నీకేమన్నా పిచ్చా?" అని తిప్పేస్వామి పరిగెత్తుకొచ్చేలోపే పీకేసింది. నా పళ్ళేలు ఆగిపోయాయి.

మళ్ళీ కరెంటు ఇచ్చింది. నేను ఒక్క ఉదుటున తిరగడం అందుకున్నాను. నా బతుకులో అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. ఓబులేసు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"రెండో తలకాయ కూడా వచ్చినాదా?"

"నువ్వే చూడు తాతా."

ఆయన కళ్ళు తెరిచాడు. తెర మీద పక్షి రెండు తలలనూ వేలితో తడిమాడు. తర్వాత చెప్పులు వేసుకుంటూ, "ఇంక అట్టలు కొట్టుకోపో తిప్పేస్వామీ" అన్నాడు.