పాక దగ్గర పగిలిన లైటు

మా అక్కను పనివాళ్ళందరి ముందు దొంగ అన్న మేస్త్రీకి నేనెవరో తెలియదు. అక్కది అమ్మ పోలిక, నాది నాన్న పోలిక. అందుకే మొక్కల నర్సరీలో లైట్లు పెట్టాలని మా ఎలక్ట్రికల్ షాపుకు ఫోను రాగానే, ఎవరు వెళ్తారని ఓనరు అడిగేలోపే సంచి భుజాన వేసుకున్నాను.

అక్క అక్కడ ఆరేళ్ళు గులాబీలకు అంటు కట్టింది. మొక్కలు మాయమవుతున్నాయని గొడవ మొదలైన రోజు, మేస్త్రీ పద్నాలుగు మంది ముందు ఆమె చేతులు చాపించాడు. గోళ్ళలో మట్టి చూపించి, "ఇదిగో, రాత్రి తవ్వుకుపోయిన మట్టి" అన్నాడు. మట్టిపని చేసేవాళ్ళ గోళ్ళలో మట్టి కాక ఇంకేముంటుందని ఒక్కరూ అడగలేదు. మూడు నెలలుగా అక్క పగలు వీధిలోకి రావడం లేదు. పాల ప్యాకెట్టుకు కూడా చీకటి పడ్డాకే వెళ్తోంది.

ఆమెను పనిలోంచి పంపేశాక కూడా మొక్కలు పోతూనే ఉన్నాయి. "అది పోయింది గానీ దారి చూపించి పోయిందమ్మగారూ. వచ్చేది దాని మనుషులే" అని మేస్త్రీ యజమానురాలిని నమ్మించాడు.

నేను నిచ్చెన వేస్తుంటే ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం కరెంటూ, నిచ్చెనెక్కితే చున్నీ అడ్డం రాదా?"

"అడ్డం వచ్చేది నీ నోరే మేస్త్రన్నా" అంది పక్కనే నీళ్ళు పెడుతున్న ముసలామె. ఆమెకు చెవుడే గానీ, ఆయన అరుపు ఎవరికైనా వినపడుతుంది. అందరూ నవ్వారు. నేను టెస్టరు పళ్ళ మధ్య పెట్టుకుని నిచ్చెనెక్కాను.

"లైట్లన్నీ గేటు దగ్గరే పెట్టు. వాళ్ళు గేటు దూకి వస్తున్నారు" అన్నాడు.

"ఆ గులాబీల పాక దగ్గర మనిషి కదిలితే వెలిగే లైటు ఉన్నట్టుందే?"

"అదెప్పుడో చచ్చింది. ముట్టుకోకు, షాకు కొడుతుంది."

చచ్చిన లైటు షాకెలా కొడుతుంది? ఆయన అన్నానికి వెళ్ళగానే నిచ్చెన పాక దగ్గరికి మార్చాను. అద్దం పగిలింది, బల్బు పగిలింది. లోపల గోలీ అంత రాయి ఉంది. బల్బు కింద, మనిషి కదలికను పసిగట్టే గుండ్రటి కన్ను మీద గీత కూడా పడలేదు. ఆ కన్నుకు ఎదురుగా చెయ్యి ఊపాను. లోపల టిక్కుమంది. దీపం పోయింది గానీ చూపు పోలేదు.

మెయిను కట్టేసి డబ్బా విప్పాను. కరెంటు లోపలికి తెచ్చే తీగకు కొత్త లైట్లు కలిపితే అవి రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. మనిషి కదిలినప్పుడే వెలగాలంటే, కన్ను నుంచి బల్బుకు వెళ్ళే తీగకు కలపాలి. పగిలిన బల్బును తప్పించి, ఆ తీగను గోడ మీదుగా ఆవరణలోనే ఉన్న యజమానురాలి ఇంటి వరండాకు లాక్కెళ్ళాను. పాక నుంచి కనపడని వైపు, ఆమె పడకగది కిటికీ ఎదురుగా రెండు లైట్లు బిగించాను. గేటు దగ్గర మేస్త్రీ కోరినట్టే ఇంకో రెండు, మామూలు స్విచ్చు మీద.

"ఈ రెండూ వెలిగితే పాక దగ్గర ఎవరో ఉన్నట్టమ్మగారూ. అక్కడ మాత్రం చీకటిగానే ఉంటుంది. ఎవరికీ చెప్పకండి."

"మేస్త్రీకి కూడానా?"

"ఆయనకు తెలిస్తే పనివాళ్ళకూ తెలుస్తుంది కదండీ."

ఆమె తలూపింది.

నాలుగో రోజు తెల్లవారుజామున నా ఫోను మోగింది. "వెలిగాయమ్మాయ్" అంది యజమానురాలు. నేను సైకిలు మీద వెళ్ళేసరికి ఆమె, ఆమె కొడుకు టార్చిలైటు పట్టుకుని పాక ముందున్నారు. మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా స్కూటరు పక్కన నిలబడ్డాడు. స్కూటరు నిండా గులాబీ మొక్కలు.

"సరేలే, ఇతన్ని గుట్టుగా పంపించేద్దాం. అప్పుడు పంపేసిన అమ్మాయిని సోమవారం నుంచి పనిలోకి రమ్మంటాను" అందామె.

"కుదరదండీ" అన్నాను. "ఆమె నా సొంత అక్క. పద్నాలుగు మంది ముందు ఆమెను దొంగ అన్నాడు. ఆ పద్నాలుగు మందీ ఏడింటికి వస్తారు. అప్పటిదాకా స్కూటరు మీంచి ఒక్క మొక్క కూడా దించొద్దు."

మేస్త్రీ తల ఎత్తాడు. "నువ్వా కరెంటూ! పిల్లలు గలవాణ్ణమ్మా, పరువు పోతుంది."

"పోవాలనే పెట్టాను మేస్త్రన్నా లైట్లు."

యజమానురాలు కొడుకు చేత కుర్చీ తెప్పించుకుని, మేస్త్రీకి ఎదురుగా కూర్చుంది. నేను అక్కకు ఫోను చేశాను. రానంది. "నువ్వు రాకపోతే, దొంగ తనేనని మేస్త్రీ ఎవరికి చెప్తాడే?" అన్నాను.

ఏడింటికి పనివాళ్ళు వచ్చారు. స్కూటరును చూశారు, మేస్త్రీని చూశారు. ఎవరూ టిఫిను డబ్బాలు కింద పెట్టలేదు. వాళ్ళ వెనకే అక్క వచ్చింది, మూడు నెలల తర్వాత ఎండలో.

"మొక్కలు తీసింది నేనే. ఆ పిల్ల కాదు" అన్నాడు మేస్త్రీ నేలకేసి.

గట్టిగా చెప్పమని నేను అనబోతుండగా అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇక చాలంటుందేమో అనుకున్నాను.

"నీళ్ళు పెట్టే అవ్వకు చెవుడు మేస్త్రన్నా" అంది అక్క నెమ్మదిగా. "ఆమె దగ్గరికెళ్ళి చెప్పు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పు. నేను లెక్కపెడతాను."