చాటు వేరు

నకరికల్లులో మాది ధాన్యం కొట్టు. తడి చూసే మెషిన్ మా అబ్బాయి కొన్నాడు, అది ఇంకా డబ్బాలోనే ఉంది. నేను గింజను కుడివైపు కింది దవడ పన్ను మీద పెట్టి కొరుకుతాను. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. ఈ చెన్నకేశవులు పన్ను చెప్పిందంటే రైతు మారుమాట్లాడడు.

ఆ పన్నే పుచ్చింది. నరసరావుపేటలో డాక్టర్ పూర్ణిమ రూట్ కెనాల్ చేసింది. అయినా కొరికితే ప్రాణం పోతోంది.

"పీకించి పారెయ్యరాదా, ఆ పన్నుతో ఏంది కాపరం!" అంది మా ఆవిడ కోటేశ్వరమ్మ.

"పన్ను పోతే కొట్టులో నా మాటే పోద్ది కదే" అన్నాను. నాకు నిజంగానే భయం వేసింది.

మళ్ళీ వెళ్ళి డాక్టరమ్మ మీద అరిచాను. "నరం చంపేశానన్నావు గదమ్మా! చచ్చినోడు కేకలేస్తాడా?"

ఆమె నవ్వలేదు. ఈసారి ఎక్స్‌రే ఏటవాలుగా తీసి, కాసేపు చూసింది.

"ఈ పన్నుకి మామూలుగా రెండు వేర్లేనండి. మీకు నాలుక వైపు ఇంకోటి ఉంది. నేరుగా తీసిన ఎక్స్‌రేలో పెద్ద వేరు చాటున పడింది. దాంట్లో నరం బతికే ఉంది. నేనే చూసుకోవాల్సింది."

తప్పు ఒప్పుకున్న మనిషి మీద ఇంకేం అరుస్తాం? నోరు తెరిచి పడుకున్నాను. ఆ వంకర వేరును సన్నటి సూదులతో చాలాసేపు శుభ్రం చేసింది.

"నొప్పి తగ్గిపోద్ది. కానీ పన్ను మీద తొడుగు వేసేదాకా గట్టివి కొరక్కండి. పన్ను నిలువునా చీలితే నేనూ కాపాడలేను" అంది.

నొప్పి పోయింది. తొడుగు ఇంకా రాకముందే ఏళ్ళుగా మాకే అమ్మే రైతు, రాజుపాలెం పుల్లయ్య బాబాయి ట్రాక్టరు మీద ధాన్యం తెచ్చాడు. గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, అలవాటుగా నా నోటి వంక చూశాడు. గింజ పెదాల దాకా వెళ్ళి ఆగింది. ఎడమవైపు కొరకొచ్చు, కానీ ఆ పన్నుకి ఏం తెలుసు? తాతల నాటి నుంచి మా కొట్టులో కొరికింది మేమే. అమ్మేవాడి నోట తీర్పు అడిగింది లేదు.

"నా పన్ను బాగాలేదు. నువ్వే కొరికి చెప్పు బాబాయ్" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి, గింజ నోట్లో వేసుకున్నాడు. టక్కుమంటుందేమోనని చెవి ఒగ్గాను. చప్పుడు లేదు. అయినా అమ్ముకునేవాడు కదా, ఎండిందనే అంటాడు, ఇక మెషిన్ తియ్యాల్సిందే అనుకున్నాను.

"ఇంకో ఎండ కావాల్రా కేశవులూ" అని, ట్రాక్టరు వెనక్కి తిప్పించాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఆయన గింజ కొరికానే గానీ, ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.