వాగు రంగు

వాగు దాటడానికి పదకొండు అడుగులు. పన్నెండోది పడిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. జగదల్‌పూర్‌లో బట్టల దుకాణం పైనున్న ఆఫీసులో కాశయ్య రోజూ పొద్దున్నే ఇలా లెక్కపెట్టుకుంటూ కంప్యూటర్ ఆటలోని పిల్లను వాగు దాటిస్తాడు.

ఆ ఆట అతనిదే. బచేలిలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ నాలుగేళ్లు ఒక్కడే కూర్చుని తయారుచేశాడు. ఇప్పపూలు ఏరబోయిన పిల్ల గనికొండ కింది అడవి దాటి ఇల్లు చేరాలి. అంతే. చివర్లో తల్లి పిలుస్తుంది. ఆ గొంతు కాశయ్య తల్లి బుల్లమ్మది, ఆమె అతన్ని పిలిచినప్పుడు ఫోనులో పట్టింది. ఆమె పోయి ఆరేళ్లు.

ఈ ఆఫీసు కంపెనీ ఆటను కొని, దానితోపాటు అతన్నీ తీసుకుంది. ఇప్పుడు దాని మీద అరవైమంది. చెట్లకొకరు, నీడలకొకరు. కాశయ్యకు మిగిలింది తప్పులు పట్టడం. బక్కపలచని మనిషి, మెడదాకా గుండీలు. ఎవరినీ నేరుగా చూడడు, తెరమీద పడే నీడల్లో వెనకవాళ్లను కనిపెడుతుంటాడు.

ఈరోజు అడుగులు సరిపోయాయి. కానీ ఎర్రమన్నుతో పారే వాగు నీలంగా ఉంది.

పక్క టేబులు దగ్గరికి వెళ్లాడు. శబ్దాలు చూసే అమ్మాయి లక్మే గబుక్కున తెర మూసింది.

“వాగును ఎవలు కడిగిండ్రు?”

“నాకేం ఎరుక దాదా? నాది నీళ్ల చప్పుడే.”

నెలరోజులుగా ఇదే వరస. కాశయ్య తిన్నగా పెద్దసారు వెంకటనారాయణ గదికి వెళ్లాడు.

“ఎవరో ఒకరు కాదండీ, అందరం కలిసే మార్చాం. ఎరుపు నెత్తురులా కనిపిస్తోందన్నారు” అన్నాడాయన.

“గది సరే, లక్మే ఏదో దాస్తాంది, కన్నెయ్యిర్రి సార్. నేను పోతే తెర మూస్తది.”

వెంకటనారాయణ వచ్చి ఆమె కంప్యూటర్ తెరిపించాడు. గాలి చప్పుడు కింద సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది: “కాశీ, పొద్దుగూకుతాంది, రా బిడ్డా.”

“ఇది తీసెయ్యమని నెలక్రితమే చెప్పాం కదమ్మా! ఊరి యాస ఎవరికీ అర్థం కాదని” అంటూ తానే తుడిచేశాడు.

ఆయన వెళ్లాక లక్మే తలెత్తింది. “నీ అమ్మ గొంతే దాదా. నీకు చెప్తే లొల్లి చేస్తవని, ఆటలోంచి పోకుండ గాలి కింద దాచిన.”

కాశయ్య వెనక్కి తిరిగాడు. తన చోట కూర్చుని ఆటను మొదటినుంచి ఆడాడు. పిల్ల గుమ్మం దగ్గర ఆగింది. ఎవరూ పిలవలేదు.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి బచేలి బస్సెక్కాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

అతని కుర్చీ కింద, ఆరోజు తాగుదామని తెచ్చుకుని బిరడా తీయని సొరబుర్రలో జావ పులిసి, బిరడా సందుల్లోంచి పొంగి, నేలమీద తెల్లగా చారకట్టింది.