నాలుగో మాట

చిట్టెలుక అన్న పేరు అమ్మమ్మ పెట్టింది. ముందు పళ్ళు రెండూ కాస్త పెద్దవని ముద్దుకి అలా పిలిచింది. ఆ పళ్ళే ఇంత పని చేస్తాయని అప్పుడు ఎవరికి తెలుసు? ఒకటో తరగతిలో చేరిన మూడు నెలల్లోనే చిట్టెలుక ఇద్దరు పిల్లల్ని కొరికింది, ఒకరిని భుజం మీద, ఇంకొకరిని మోచేతి మీద. రెండోసారి హెడ్మాస్టరమ్మ తల్లిని పిలిపించి, కూర్చోమని కూడా అనకుండా చెప్పేసింది.

"ఇంకొక్కసారి కొరికిందంటే మేం ఉంచుకోలేం. మీరు వేరే స్కూలు చూసుకోండి."

వేరే స్కూలంటే రెండు బస్సులు మారాలి. తల్లి ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. తొమ్మిదయ్యేసరికి ఆవిరి యంత్రం దగ్గర నిలబడాల్సిన మనిషికి రెండు బస్సులు మారడం అయ్యే పని కాదు. షిఫ్టు మార్చమని సూపర్‌వైజర్‌ని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ చూద్దాంలే ఎక్కడికి పోతుందో లాండ్రీలో అందరికీ తెలుసు.

క్లాసు టీచరు మంచి మనిషే, పాపం. ఒక కాగితం ఇచ్చింది. దాని మీద మూడు మాటలు రాసి ఉన్నాయి. అది నాది. దయచేసి ఇచ్చెయ్యి. నువ్విలా చేస్తే నాకు బాధగా ఉంది. వీటిని రోజూ ఇంట్లో ఆటలాగా ఆడించమంది. తల్లి పక్క బెంచీ పిల్లలా నటించి పెన్సిలు లాక్కోవాలి, చిట్టెలుక పళ్ళకి కాకుండా మాటలకి పని చెప్పాలి.

అలాగే ఆడించింది. రోజంతా వేడి దుప్పట్లు మడిచి వచ్చి, పొయ్యి మీద గిన్నె పెట్టి, వంటింటి గడప దగ్గర చతికిలబడి పెన్సిలు లాక్కునేది. చిట్టెలుక చేతులు కట్టుకుని మూడు మాటలూ గడగడా అప్పజెప్పేది. మూడోది పూర్తికాకముందే తల్లి పెన్సిలు ఇచ్చేసేది. బిగపట్టుకుని కూర్చునే ఓపిక ఎక్కడేడ్చింది? అవతల గిన్నె అడుగంటుతూ ఉండేది.

"చూశావా, మంచిగా అడిగితే ఎవరైనా ఇస్తారు," అనేది లేస్తూ. ఆ మాట అన్నప్పుడల్లా సూపర్‌వైజర్ మొహం గుర్తొచ్చి, తనకే నవ్వొచ్చేది.

అమ్మమ్మకి ఈ నాటకం గిట్టలేదు. "మా రోజుల్లో వీపు మీద రెండు తగిలిస్తే దారికొచ్చేవాళ్ళు."

"నాకూ తగిలించావుగా అమ్మా, ఏ దారికొచ్చాను?" అంది కూతురు. అమ్మమ్మ మూతి ముడుచుకుని లోపలికి పోయింది.

రెండు వారాలు గడిచాయి. ఒక్క ఫిర్యాదూ రాలేదు. గురువారం నాడు చిట్టెలుక జేబుకి కాగితపు నక్షత్రం తగిలించుకుని వచ్చింది. ఇన్ని రోజులు ఎవరినీ కొరకలేదని టీచరు క్లాసంతా చప్పట్లు కొట్టించిందట. తల్లికి గుండెల మీంచి బండ దించినట్టయింది. సంతోషంతో కాసేపు ఏడుద్దామనుకుంది గాని, దానికీ ఓపిక కావాలి కదా.

స్నానం చేయిద్దామని పొడుగు చేతుల చొక్కా విప్పబోతే చిట్టెలుక ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. తల్లి పట్టుకుని ముందుకు తిప్పింది. మోచేతి కింద లోపలి వైపు పళ్ళ గాట్లు. ఎర్రగా కొత్తవి కొన్ని, నీలంగా పాతవి కొన్ని.

"ఎవత్తే కొరికింది? రేపొచ్చి దాని సంగతి చూస్తాను!" అంది. అంటూనే గాట్లకేసి మళ్ళీ చూసింది. ముందు రెండూ పెద్దవి.

"నేనే," అంది చిట్టెలుక.

"ఎందుకే తల్లీ?"

"మూడు మాటలూ చెప్పానమ్మా. ఆ పిల్ల పెన్సిలు ఇవ్వలేదు. మళ్ళీ చెప్పాను, ఇవ్వలేదు. దాన్ని కొరకకూడదుగా మరి."

"టీచరుకి చెప్పకపోయావా?"

"చెప్పాను. చాడీలు చెప్పకూడదు, వెళ్ళి కూర్చో అంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అలిసిపోయి వస్తావుగా," అంది చిట్టెలుక.

తల్లికి సిగ్గేసింది. మంచిగా అడిగితే ఇస్తారని నేర్పింది తనే. ఇవ్వకపోతే ఏం చెయ్యాలో నేర్పలేదు. తనకి తెలిస్తేగా నేర్పడానికి! చెంబు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది, బకెట్లో నీళ్ళు చల్లారేదాకా.

అమ్మమ్మ గాట్లకి నూనె రాస్తూ మెల్లగా అంది. "అమ్మాయ్, ఊరుకో. పరాయి పిల్లని కొరకలేదు కదా, గండం గడిచినట్టే. నువ్వెళ్ళి కదిలించావంటే, ఈ పిల్ల మాకొద్దంటారు."

అనరన్న నమ్మకం తల్లికీ లేదు.

తెల్లవారి క్లాసు గుమ్మం దగ్గర టీచరు హాజరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు ఆమెని తోసుకుంటూ లోపలికి పోతున్నారు. పొద్దున్నే ఆమె మొహం కూడా వాడిపోయి ఉంది.

"మేడం, ఒక మాట మాట్లాడాలి."

"సాయంత్రం రండమ్మా. గంట కొట్టేశారు."

"దయచేసి వినండి మేడం. నాకు బాధగా ఉంది."

"చూద్దాంలేమ్మా, సాయంత్రం చూద్దాం."

ఆ మాట వినగానే తల్లి కాళ్ళు అలవాటుగా గేటు వైపు తిరిగాయి. పక్కకి చూస్తే చిట్టెలుక తలెత్తి తన మొహంలోకే చూస్తోంది. అమ్మ అడిగింది, వాళ్ళు ఇవ్వలేదు. ఇప్పుడు అమ్మ ఏం చేస్తుందా అని చూస్తోంది.

తల్లి చిట్టెలుక జేబు మీది నక్షత్రం ఊడదీసి హాజరు పుస్తకం మీద పెట్టింది. పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"పిల్లల్ని కూర్చోబెట్టి రండి మేడం. మీరొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. కదలను."

టీచరు ఆ చేతిని చూసింది. తర్వాత పుస్తకం మూసి గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"మొన్న ఇది నా దగ్గరికొచ్చిందమ్మా..."

"తెలుసు మేడం. నా దగ్గరికి రాలేదు. అదీ చెబుతాను," అంటూ తల్లి పక్కన కూర్చుంది.

గేటు బయట బస్సు హారన్ కొట్టింది. చిట్టెలుక తల్లి చెయ్యి పట్టుకుని గుంజింది.

"అమ్మా, నీ బస్సు వెళ్ళిపోతోంది."

"పోనీ," అంది తల్లి.