కోటిలింగముగారి దేహవయోనిర్ణయము

వసంతము ముదిరి గ్రీష్మమునకు తాళపుచెవులప్పగించుటకు సిద్ధమగుచున్న చైత్రబహుళపక్షమున, కాలువనీరు సన్నగిలి గట్టుబురద నెఱ్ఱెలు విచ్చుచుండ మామిడిపిందెలు టెంకగట్టుచుండ తాటిముంజెల గంపలు వీథివెంట దిగుచుండ, నిఖిలజనశ్రమాపహారియగు ప్రాతఃకాలమారుతము కృష్ణాతీరమందలి పెదలంకపల్లె రథవీథిలోని యొక పెంకుటింటి యరుగుమీదికి వచ్చి యచ్చట కూర్చున్న ముగ్గురిని పలుకరించుచుండెను. ఆ ముగ్గురిలో మొదటివారు అరువదినాలుగేండ్ల డోలు విద్వాంసులు అన్నవరపు కోటిలింగముగారు. రెండవవారు మల్లెమొగ్గలు ముందు పోసికొని మాల కట్టుచున్న వారి ధర్మపత్ని మంగతాయారు. మూడవది చేత సెల్‌ఫోను ధరించిన కోడలు ఇందుమతి.

కోటిలింగముగారన్న నెవరనుకొంటిరి! ప్రళయకాలమేఘగంభీరధ్వానధురంధరులు, లయజ్ఞానపారావారపారీణులు, సన్నాయి మేళములలో వారి డోలు లేని పెండ్లి పప్పులేని విందుగా భావింపబడిన కాలము నిన్నమొన్నటిది. అంతకన్న ముఖ్యమైనదొకటి కలదు. ఆ యూరి వేణుగోపాలస్వామి రథము అన్నవరపువారి డోలుపై తొలిదెబ్బ పడనిదే కదలుట లేదు. రథము ముందు డోలు భుజమున తగిలించుకొని వీథులన్నియు వాయించుచు నడచుట వారి తాతలనాటి హక్కు, ఆ హక్కే వారి ప్రాణము. రథోత్సవమా పై వారములోనికి వచ్చియున్నది.

మంగతాయారు మాత్రము ఆ పూట పెనిమిటిని విడువదలచుకొనలేదు.

"ఏవండీ, ఈ ఏడు డోలు సాంబయ్యకివ్వండి. మొన్న గుడి మెట్ల దగ్గర ధ్వజస్తంభం పట్టుకుని నిలబడిపోయారు. నేను చూళ్ళేదనుకున్నారా?"

"ఎండ తగిలిందే."

"తెల్లారి ఆరింటికి ఎండేందండీ!"

సాంబయ్య కోటిలింగముగారి శిష్యుడు, ఇద్దరు బిడ్డల తండ్రి, వాయిద్యమున గట్టివాడే. అయినను తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళను మహానుభావులకు శిష్యుని గట్టితనము కానవచ్చునా! "నడవలేని నాడు చూద్దాం లే" యని కోటిలింగముగారు డోలు కట్లు బిగించుటలో నిమగ్నులైరి. అంతట ఇందుమతి నెమ్మదిగా నోరు విప్పెను.

"మామయ్యగారూ, ఫోన్‌లో ఒకటుందండీ. అడిగినవాటికి జవాబులు చెబితే మన ఒంటికి అసలు వయసెంతో లెక్కగట్టి చెబుతుంది."

"పుట్టిన తేదీ చెబితే చాలదా అమ్మా?"

"అది మీ వయసండీ. ఇది మీ గుండె వయసు, మోకాళ్ళ వయసు."

"మోకాళ్ళు నాతోపాటే పుట్టాయి కదమ్మా!"

ఆయన నవ్విరే కాని కుతూహలము వారిని చీమవలె కుట్టెను. డోలు ప్రక్కకు జరిపి ఫోనువైపు మెడ సాచిరి. సమయజ్ఞురాలగు మంగతాయారు అప్పుడే యొడంబడికను ముందుంచెను. అరువదినాలుగుకన్న నొక్కయేడు హెచ్చు వచ్చినను డోలు సాంబయ్య భుజమెక్కవలెను, తగ్గువచ్చినచో ఆమె ఈ ప్రసంగమును జన్మములో మరల నెత్తరాదు. కోటిలింగముగారు "సరే" యనిరి.

అటుపిమ్మట నా గణనయంత్రమడిగిన ప్రశ్నపరంపరయు దానికి విద్వాంసులవారొసగిన యుత్తరములును వర్ణించుటకు నాకు చాలినంత యోపిక కలదు గాని మీకు కలదో లేదో! బరువెంత యని యది యడిగిన "డోలుతో కలిపా, డోలు లేకుండానా?" యని వారు మొదలే ధర్మసందేహమును వెలిబుచ్చిరి. డోలు లేకుండ నని కోడలు చెప్పగా, అట్లయిన నది తమ బరువెట్లగునని కొంత చింతించి, యెదుటి బియ్యపుకొట్టు కాటాపై నెక్కి దిగివచ్చిరి. నడుము చుట్టుకొలతకు టేపు దొరకక డోలు పట్టీనే చుట్టి కొలిచిరి. కుర్చీలోనుండి చేతులూనక యెన్నిసారులు లేవగలరన్న ప్రశ్నకు, ప్రక్కయింటివారు గోడపైనుండి తొంగిచూచుచున్నారన్న రోషముచే నవసరమునకు మించి లేచి కూర్చుండిరి. నిద్ర, ఉప్పు, ఊరగాయ, కాఫీ, పొగాకు అన్నిటికిని సత్యమే పలికిరి. ఊరగాయ విషయమున మాత్రము మంగతాయారొకసారి గట్టిగా దగ్గవలసివచ్చెను.

తుదకు యంత్రము నాడి నడిగెను. విశ్రాంతిగా కూర్చున్నవేళ నిమిషమునకు గుండె యెన్నిసారులు కొట్టుకొనునో చెప్పవలెనట. ఆ ప్రశ్న చెవినిబడుటయే తడవుగా కోటిలింగముగారి ముఖము వికసించెను. లెక్కయన్న నిది గదా! ఎడమ మణికట్టుపై కుడిచేతి వ్రేళ్లుంచి, కన్నులు మూసి, కాలి బొటనవ్రేలితో నేలపై మెల్లగా దరువు వేయుచు, కోడలు గడియారము చూచి "చాలండీ" యనువరకు నిశ్చలులై కూర్చుండిరి.

"డెబ్బైరెండు. తూచినట్టు" అని కన్నులు విప్పిరి.

ఇందుమతి యా సంఖ్య నొక్కగా నొక రంగుల చక్రము గిరగిర తిరిగి నిలిచి, వారి దేహమునకు వయస్సు ఏబదియొక్క సంవత్సరములని ప్రకటించెను. ఆహా, ఆ క్షణమున కోటిలింగముగారి యానందమును చూడవలసినదే! పదుమూడేండ్లు చేతికి తిరిగివచ్చినవారివలె కండువా దులిపి భుజమున వేసికొని టీ దుకాణమునకు పోయి, అడిగినవారికిని అడుగనివారికిని తమ క్రొత్తవయస్సును చెప్పివచ్చిరి. మంగతాయారు ఓడిపోయెను. మాట యిచ్చినది కనుక నోరెత్తలేదు గాని, ఆమె మనస్సున గుడిమెట్లకడ పెనిమిటి నిలిచిన నిలువు చెదరలేదు.

మధ్యాహ్నభోజనానంతరము విద్వాంసులవారు పడకకుర్చీలో కునుకుతీయుచుండ ఆమె మొగ్గలగిన్నెతో ప్రక్కన చేరి కోడలిని పిలిచెను. ఆ యంత్రమేమి చూచి వయస్సు చెప్పినదో తానును చూడవలెనన్న కోరిక యామెను కూర్చుండనీయుట లేదు. నాడి పట్టుట ఆమెకు క్రొత్త. లెక్క తప్పునేమోయను భయముచే తనకు చేతనైన పద్ధతినే యవలంబించెను. నాడి తగిలినప్పుడెల్ల నొక మొగ్గను తీసి యొడిలో వేయుట, నిమిషమైన పిదప మొగ్గలు లెక్కించుట! మాల కట్టు చేతులవి. పువ్వు లేనిచోట ముడివేయుట వానికి తెలియదు.

ఒడిలో అరువది మొగ్గలే యుండెను. మరల వేసి చూచిరి. మరల నించుమించు నంతియే.

"ఏవండీ, లేవండి. డెబ్బైరెండన్నారు, అరవయ్యే ఉన్నాయి!"

లయలో తప్పిరన్న మాట కోటిలింగముగారికి చెంపదెబ్బతో సమానము. నిదుర యెగిరిపోయెను. "నీ మల్లెపూలతో నా లెక్క తప్పంటావా?" యని వారు కోపింపగా, ఇందుమతి వివాదమును చల్లార్చుటకై అరువదిని యంత్రమున నొక్కి చూచెను. యంత్రము మునుపటికన్న సంతోషించి నలువదితొమ్మిదియని చెప్పెను. నిదానముగా నడచు నాడి దానికి ప్రియము కాబోలు.

"చూశావా! నీ లెక్కే నిజమైతే నేనింకా పడుచువాణ్ణి!"

"నలభైతొమ్మిదో తొంభైనాలుగో నాకెందుకండీ! ఒక్క చెయ్యి, ఒక్క నాడి, రెండు లెక్కలేంది? అది చెప్పండి ముందు."

నిజము చెప్పవలెనన్న వారికిని తెలిసికొనవలెననియే యుండెను. కాబట్టి ఇరువురు నొకేసారి లెక్కింప నిశ్చయించిరి. ఎడమ మణికట్టును మంగతాయారు పట్టెను, అదేచేతి నాడిని కొంచెము పైగా కోటిలింగముగారును పట్టి బొటనవ్రేలితో నేలపై దరువు మొదలిడిరి. ఇందుమతి గడియారమును విడిచి ఒకసారి మామగారి కాలివైపును ఒకసారి అత్తగారి యొడివైపును చూడసాగెను. వ్రేలు పడెను, మొగ్గ పడెను. వ్రేలు పడెను, మొగ్గ పడెను. వ్రేలు పడెను. మొగ్గ పడలేదు.

"మామయ్యగారూ, ఆగండాగండి! ఇప్పుడు మీ కాలు పడింది, అత్తయ్యగారి పువ్వు పడలేదు."

"అక్కడ నాడి తగల్లేదమ్మా" అనెను మంగతాయారు.

"అవును, తగల్లేదు" అని కోటిలింగముగారు నింపాదిగా నొప్పుకొనిరి. "అది విశ్రాంతి. దెబ్బ లేకపోయినా లెక్కలో చోటుంటుంది. ఆ చోటు లెక్కపెట్టనివాడు డోలు ముట్టుకోకూడదు. నా తండ్రి నాకు మొదట నేర్పింది అదే."

చదువరీ, ఈ పొరపాటు మనబోంట్లకు పొరబాటుననైనను సంభవింపదు. ఏబదియేండ్లు దెబ్బతోపాటు దెబ్బలేనితనమును గూడ కొలిచిన విద్వాంసుడు తన గుండె ఆగిన తావులను సయితము గౌరవముతో లెక్కలో చేర్చుకొనెను. యంత్రము పాపమెన్ని యని యడిగినదే కాని యెట్లని యడుగలేదు.

మంగతాయారు వారి మణికట్టును విడువలేదు.

"డోలులో విశ్రాంతి మీరిస్తారు. ఇది ఎవరిచ్చారండీ?"

కోటిలింగముగారి కాలి బొటనవ్రేలు నేలపైనే నిలిచిపోయెను. గుడిమెట్లు, ధ్వజస్తంభము, కన్నులకు క్రమ్మిన చీకటి, తెల్లవారుజామున లేని యెండ అన్నియు వారికప్పుడు జ్ఞప్తికి వచ్చెను. వారికి భయము కలిగెను. పుట్టి బుద్ధెరిగిన పిదప లయవిషయమున భయపడుట వారికదియే ప్రథమము.

"బండి పిలవమ్మా" అని కోడలితో ననిరి.

తెనాలిలోని హృద్రోగవైద్యురాలు రొమ్మున తీగెలంటించి కాగితముపై వారి గుండెనడకను గీయించి చూచి, యీ విరామములు నానాటికి దీర్ఘములగునవనియు నడివీథిలో డోలు బరువుతో నుండగా నొక్కటి మరింత సాగినచో నేమగునో తాను చెప్పనక్కరలేదనియు పలికెను. తప్పిన తావున గుండెకు తట్టి గుర్తుచేయు చిన్న పరికరమొకదానిని ఎడమవైపు మెడయెముకక్రింద నమర్చవలెననెను. రథమునకు మూడు దినములే యున్నవని కోటిలింగముగారు విన్నవించుకొనగా నామె "ఈ ఏడు రథం చూడండి, వచ్చే ఏడు వాయించండి" అని నవ్వెను. ఆ మాటకు విద్వాంసులవారు గోడవైపు తిరిగి కన్నీరు కార్చిరి. యంత్రము తిరిగి యిచ్చిన పదుమూడేండ్లకు వారంతగా సంతోషించినది నిజము, ఈ యొక్క యేటికింతగా దుఃఖించినదియు నిజమే.

పరికరమమర్చుకొని వారిల్లు చేరిన మరునాడే రథోత్సవము. ఉదయముననే సాంబయ్య వచ్చి పాదములకు మ్రొక్కగా కోటిలింగముగారు తాతలనాటి డోలు పట్టీని, ఎడమచేయి పైకెత్తరాదు గనుక కుడిచేతితోనే, వాని భుజమున తగిలించిరి. "తొందరపడకు. చోటు వదలాల్సిన చోట వదులు" అని మాత్రమనిరి. గుడికడ తొలిదెబ్బ పడినపుడు అరుగుపై వారు చెవియొగ్గిరి. దెబ్బ సరిగనే పడినది. దూరమున రథచక్రములు కిఱ్ఱుమనెను.

కొంతసేపటికి వేణుగోపాలస్వామి రథము బంతిపూల మాలలతో రెపరెపలాడు పతాకములతో గోవిందనామఘోషములతో వారి యింటి యెదుటికి వచ్చి నిలిచెను. సాంబయ్య గురువుగారివైపు చూచి జడివానవలె వాయించుచు వాయించుచు ఉచ్చస్థాయి కెక్కించి, చెయ్యి పైకెత్తి, అట్లే గాలిలో నిలిపివేసెను. వీథియంతయు నిశ్శబ్దమయ్యెను. అలవాటుచే కోటిలింగముగారి అరచేయి తమ మోకాలిపై ఆ మూగదెబ్బను వేసెను.

ప్రక్కన వారి మణికట్టు పట్టుకొని మొగ్గలగిన్నెతో కూర్చున్న మంగతాయారి యొడిలో, ఆ నిశ్శబ్దమున, ఒక మల్లెమొగ్గ పడెను.

"పడిందండీ!" అని ఆమె యేడ్చుచు నవ్వెను.

"పడక ఏం చేస్తుందే, లెక్కలో ఉందిగా!"

సాంబయ్య చెయ్యి దిగెను. రథము కదలెను.