తన్నదగిన వరస

రాజమణి పిల్లల కాళ్ళు పట్టుకునే పని నేర్చుకోబోతోందని తెలిసిన రోజు రామన్నపేటలో వాళ్ళ మేనత్త ముక్కున వేలేసుకుంది. మెట్రిక్ పాసైన పిల్ల, మగ్గం ఉన్న ఇంటి పిల్ల, పోయిపోయి ఊరోళ్ళ కాళ్ళు పిసకడమేమిటని ఆమె బాధ. అది ఇంకా ఉద్యోగం కూడా కాదు, శిక్షణే. నల్లగొండ ఊరి చివర కొత్తగా ఒక ధర్మ దవాఖాన తెరిచారు. పోలియో జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయిన పిల్లలతో కసరత్తు ఎలా చేయించాలో అక్కడ నేర్పి, బాగా నేర్చుకున్నవాళ్ళను సహాయకులుగా పెట్టుకుంటామన్నారు. ఆ కొలువుకు గోడమీద పొడుగాటి పేరొకటి రాయించారు గానీ దాన్ని చివరిదాకా పలికిన మనిషి లేడు. జనానికి అది కసరత్తు దవాఖాన, అక్కడి ఆడపిల్లలు కసరత్తు అక్కలు.

నేర్పేది కోటేశ్వరమ్మ గారు. బెజవాడ మనిషి, మద్రాసులో చదువుకుని వచ్చింది. రాష్ట్రాలు కలిసి ఏడెనిమిదేళ్ళవుతున్నా ఆమె మాటా ఇక్కడి పిల్లల మాటా ఇంకా కలవలేదు. మొదటి రోజే ఐలేశం అనే పిల్లవాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, "కాలు చాపు నాన్నా, ఏదీ, చాపు నాన్నా" అని ముద్దుగా అడిగింది. వాడు బిత్తరపోయి రాజమణి వైపు చూసి, "నేను ఐలేశాన్ని. గీమె నన్ను నాయిన అంటాందేంది?" అన్నాడు. కోటేశ్వరమ్మ గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుంది.

మనిషి గట్టిది, మనసు మంచిది. "చేతులు వెచ్చగా ఉండాలమ్మాయ్, గొంతు చల్లగా ఉండాలి" అనేది. "పిల్ల ఏడ్చిందని నువ్వూ కూర్చుని ఏడిస్తే కసరత్తు ఎవరు చేయిస్తారు, మీ మేనత్తా?" అనేది. మేనత్త సంగతి ఈమెదాకా ఎలా పాకిందో రాజమణికి ఎంతకీ అర్థం కాలేదు.

ఆ దవాఖానలో రాజమణి ప్రాణమంతా సుక్కమ్మ మీద ఉండేది. కట్టంగూరు అవతలి పల్లె నుంచి తల్లి బీరమ్మ చంకనేసుకుని తెచ్చిన ఆరేళ్ళ పిల్ల. ఎడమ కాలు జ్వరంలో పడిపోయింది. అంత కష్టంలోనూ ఆ పిల్ల మర్యాద చూడాలి. కాలు పొరపాటున రాజమణి చేతికి తగిలితే చాలు, చటుక్కున వంగి ఆ చేతిని తాకి కళ్ళకద్దుకునేది. రాజమణికి కడుపు నిండిపోయేది. "సల్లగుండు బిడ్డా" అని దీవించేది. పెంపకమంటే ఇదీ అని తోటి అక్కలందరికీ చెప్పుకుని మురిసేది.

మురిసినంతకాలం మురిసింది గానీ పని మాత్రం ముందుకు సాగలేదు. కాలిలో బలం ఎంతుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, అరికాలికి మన అరచెయ్యి ఆనించి, తొయ్యమనాలి. ఎంత తోస్తే అంత బలం. సుక్కమ్మ తొయ్యలేదు. "తొయ్యి బిడ్డా" అంటే కాలు అలాగే ఉంచి, లేచి దండం పెట్టి మళ్ళీ పడుకునేది. కోటేశ్వరమ్మ గారు కూడా చెయ్యి ఆనించి చూసింది. ఆమెకూ దండమే దక్కింది.

"బలం లేదమ్మా" అంది రాజమణి, గొంతు చల్లగా ఉంచుకోవాలని చూస్తూ.

"నాకూ అలాగే అనిపిస్తోంది" అని కోటేశ్వరమ్మ గారు నిట్టూర్చింది. "గురువారం డాక్టరు గారు వస్తారు. ఆయన చేతికీ తగలకపోతే ఇంటికి పంపక తప్పదు."

గురువారమంటే ఆ దవాఖానలో అందరికీ భయం. హైదరాబాదు నుంచి డాక్టర్ మొయినుద్దీన్ సాబ్ వచ్చి ఒక్కొక్క కాలే చూసేవాడు. కొంచెమైనా జీవం ఉన్న కాలికి ఇనుప కడ్డీల బూటు చేయించి, ఇక్కడే ఉంచుకుని నడక నేర్పమనేవాడు. జీవం లేదనుకుంటే ఇంటికి పంపేసేవాడు. బూట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఆయన చెడ్డవాడు కాదు, కానీ చేతికి తగలని బలాన్ని ఆయన మాత్రం ఎక్కడనుంచి తెస్తాడు?

ఆ సంగతి చెప్పినప్పుడు బీరమ్మ ఏడవలేదు. "ఇప్పుడంటే సంకనేసుకుంటున్న అక్కా" అని మాత్రం అంది. "కూలికి వోతే చెట్టు కింద కూసుండబెడుత. పెద్దదైనంక ఎవలు మోస్తరు?"

బుధవారం మధ్యాహ్నం పిల్లలంతా వరండాలో చాప మీద కూర్చుని సీతాఫలాలు తింటున్నారు. ఎవరో పుణ్యాత్ముడు గంపెడు పంపించాడు. సుక్కమ్మ బాగున్న కాలు మడిచి కిందేసుకుని, పడిపోయిన కాలు ముందుకు పెట్టుకుని కూర్చుంది. పక్కనే ఐలేశం. వాడి పండు వాడు తినేసి, సుక్కమ్మ తరవాత తిందామని దాచుకున్న పెద్ద పండు మీద చెయ్యి వేశాడు.

సుక్కమ్మ వాణ్ణి తన్నింది.

పెద్ద తన్నేం కాదు. పాదం చాప మీద బెత్తెడు జరిగి వాడి తొడకు తగిలింది, అంతే. తగిలి, అక్కడే ఆగి, వేళ్ళతో నెట్టింది. నెట్టింది పడిపోయిన కాలుతోనే.

అది చూసిన మనిషి ఎగిరి గంతెయ్యాలా వద్దా? మన రాజమణి ఏం చేసిందంటే, "ఏందే గది! మనిషికి కాలు తాకిస్తవా? సిగ్గులేదూ?" అని గట్టిగా కసిరింది. నోటికి అలవాటైన మర్యాద ముందు వచ్చేసింది, బుద్ధి తీరిగ్గా వెనక వచ్చింది. వచ్చాక ఆమె గబుక్కున వాళ్ళ పక్కనే చాప మీద కూర్చుంది.

"నువ్వు... ఐలేశాన్ని తన్నినవా?"

"వాడు నాకు బావ అయితడు" అంది సుక్కమ్మ. తప్పు చేసినట్టే లేదు ఆ మొహంలో. "వాళ్ళమ్మ మాకు అత్త వరస. బావను తన్నొచ్చు."

"అవును, మస్తు తంతది" అని ఐలేశం సాక్ష్యం చెప్పాడు, నోటినిండా పండుతో.

"మరి నన్నెందుకు తంతలేవే? తొయ్యమని ఎన్నిసార్లు అడిగిన!"

సుక్కమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. ఇంత పెద్దదానికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "నువ్వు అక్కవు గదా. అక్కను తంతే కండ్లు పోతయంట. మా అవ్వ చెప్పింది."

రాజమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెయ్యి కళ్ళకద్దుకున్నప్పుడల్లా దీవించి దీవించి, ఆ కాలిని తనే పండబెట్టింది! బలం లేదని తన నోటితోనే చెప్పింది! తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. కానీ గురువారం తెల్లారితే వచ్చేస్తుంది. వాయించుకోవడానికి తీరికేది?

"సుక్కమ్మా, నీకు అన్న ఉన్నడా?"

"ఉన్నడు. భిక్షం. మేకలు కాస్తడు."

"నేను మీ అన్నను చేసుకుంట. గప్పుడు నీకేమైత?"

సుక్కమ్మ సీతాఫలం పక్కన పెట్టింది. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. కిందినుంచి పైదాకా రాజమణిని పరీక్షగా చూసింది. "నువ్వు పొడుగున్నవ్. మా అన్న ఇంకా గింతే ఉన్నడు" అంది. కాసేపు ఆలోచించి, ఉదారంగా, "అయినా పెరుగుతడు తియ్యి. వదినెవు అయితవ్" అని ఒప్పుకుంది.

వదినె అంటే ఆడబిడ్డకు ఎంత అలుసో చెప్పాలా? రాజమణి బల్ల దాకా కూడా పోలేదు, అక్కడే చాప మీద అరచెయ్యి ఆనించింది. "ఏమే ఆడబిడ్డా, మీ అన్న నల్లగున్నడంట, మేకలెక్క వాసనొస్తడంట" అని రెచ్చగొట్టింది. అరచేతిలో ఏదో కదిలింది. చిన్నది, దూదిని నొక్కినంత. మళ్ళీ తిట్టింది. మళ్ళీ కదిలింది. కోటేశ్వరమ్మ గారు కేకలు విని పరుగెత్తుకొచ్చేసరికి రాజమణి ఆ పల్లె మొత్తాన్ని తిట్టిపోస్తోంది, సుక్కమ్మ పళ్ళు బిగించి తోస్తోంది, ఐలేశం ఇద్దరినీ ఎగదోస్తున్నాడు.

"ఏవిటమ్మాయ్ ఈ గోల?" అని అడిగి, సంగతి విని, కోటేశ్వరమ్మ గారు చాప మీద కూలబడింది. "ఛీ, నా చదువు తగలెయ్య! మా బెజవాడలోనూ ఇంతే కదమ్మా. నేనూ కాలు తగిలితే కళ్ళకద్దుకునే పెరిగాను" అని పకపకా నవ్వింది. ఆ తరవాత నవ్వాపి, "రేపు డాక్టరు గారు తన చెయ్యే పెట్టి చూస్తారు. మన చెయ్యి పనికిరాదు. అదెలా?" అంది.



గురువారం బీరమ్మ వచ్చింది, వెంట భిక్షాన్ని తీసుకుని. పదేళ్ళ వాడు, చేతిలో ఇంకా మేకల కర్ర ఉంది. సుక్కమ్మ లోపలినుంచే, "అన్నా, నీ పెండ్లం గీడున్నది!" అని అరిచింది. వాడు రాజమణిని ఒక్కసారి చూసి తలుపు వెనక దూరాడు. ఎవరు పిలిచినా బయటికి రాలేదు.

డాక్టర్ సాబ్ పెద్దమనిషి, బట్టతల, నెరిసిన గడ్డం. సుక్కమ్మ అరికాలికి చెయ్యి ఆనించి, "తొయ్యమ్మా, జర జోర్‌గ" అన్నాడు. సుక్కమ్మ లేచి ఆయన చేతిని కళ్ళకద్దుకుంది. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ దండం. ఆయన మొహంలో విచారం కనబడింది. చెయ్యి తీసేయబోయాడు.

"సాబ్, జర ఆగుండ్రి" అంది రాజమణి. గొంతు చల్లగా ఉంచడం సంగతి ఆమెకు గుర్తే లేదు. "పిల్ల తోస్తది. మీకు వరస కుదురుతలేదు, గంతే."

"వరసనా?"

రాజమణి ఉన్నదంతా చెప్పింది. సీతాఫలం, బావ, తను వదినె కావడం, అన్నీ. చెబుతూంటే తన మాటలు తనకే పిచ్చిగా వినబడ్డాయి. కోటేశ్వరమ్మ గారు పక్కన నిలబడి ప్రతి మాటకూ గంభీరంగా తలూపింది. డాక్టర్ సాబ్ అంతా విని, గడ్డం నిమురుకుని, సుక్కమ్మ వైపు తిరిగాడు.

"మరి నేను నీకేమైత బేటీ?"

"నువ్వు మా వదినెకు ఏమైతవ్?" అని ఎదురడిగింది సుక్కమ్మ. ఆ పిల్లకు లెక్క సరిగ్గా ఉండాలి.

ఆయన రాజమణిని చూశాడు. "అన్ననైత" అన్నాడు. ఆ మాట చెప్పిన తీరు చూస్తే నిజంగానే రామన్నపేటలో పుట్టాడనిపించింది.

"అయితే నాకు బావవే!" సుక్కమ్మ ఆ బట్టతలను తేరిపార చూసి కిలకిలా నవ్వింది. "ముసలి బావ!"

"ముసలోన్నా? తన్ను చూద్దాం!"

సుక్కమ్మ తన్నింది. ఆయన కళ్ళు మూసుకుని, చెయ్యి కదపకుండా, "ఇంకొకటి" అన్నాడు. తరవాత, "ఇంకొకటి, బావ ఊకోడు" అన్నాడు. కళ్ళు తెరిచి, కోటేశ్వరమ్మ గారితో, "ఉంది" అన్నాడు. "కొంచెమే ఉంది, కానీ ఉంది. బూటుకు కొలతలు తీయించండి. పిల్ల ఇక్కడే ఉంటుంది. నడక రావడానికి చాలా కాలం పడుతుంది, కడ్డీలు లేకుండా నడవకపోవచ్చు కూడా. కానీ నడుస్తుంది."

రాజమణికంత సంతోషం అంతకుముందెప్పుడూ కలగలేదు.

బీరమ్మకు డాక్టరు మాటల్లో సగం అర్థమైనట్టు లేదు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వబోయి, ఆగిపోయి, బల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల పాదం కింద తన అరచెయ్యి పెట్టింది.

"నన్ను తన్ను బిడ్డా" అంది.

సుక్కమ్మ నవ్వు ఆగిపోయింది. "అమ్మను తన్నొద్దు" అంది భయంగా.

"కడుపుల ఉన్నప్పుడు తన్నలేదానే? దినాం తన్నినవ్. అప్పుడు నాకేం కోపమొచ్చింది? నవ్విన." బీరమ్మ అరచెయ్యి ఇంకాస్త గట్టిగా ఆనించింది. "గప్పటిలెక్క ఒక్కసారి తన్ను."

సుక్కమ్మ రాజమణి వైపు చూసింది, ఈ వరసకు ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు. రాజమణి తలూపింది. సుక్కమ్మ తల్లి మొహంలోకి చూస్తూ, మెల్లగా, ఉన్న బలమంతా పెట్టి తోసింది. బీరమ్మ చెయ్యి తీయలేదు.