పైపు బావ శుభ్రం చేసిన ఎముకలు

మా అక్క ఆస్పత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది. అక్కడ ఉప్పు వద్దంటారు, కారం వద్దంటారు, నూనె వద్దేవద్దంటారు. చేతిలో అంత రుచి పెట్టుకుని ఇన్నేళ్ళూ గంజి కాచింది. "రోగులు కోలుకునేది మందులకా, నీ గంజి నుంచి పారిపోవడానికా?" అని నేనడిగితే గరిటె చూపించేది.

అలాంటి అక్కకి ఇన్నాళ్ళకి ఒక దారి కనబడింది. వీధి చివర హోటలు నడిపే ఆవిడ, అందరూ మేడమ్ అనే మనిషి, వంటకి మనిషిని వెతుకుతోంది. "ఆదివారం సాయంత్రం మీ ఇంటికొస్తాను. నా హోటల్లో లేనిదేదైనా వండిపెట్టు. నచ్చితే వంటగది తాళాలు నీకే" అంది.

"మూలుగ ఎముకలు. ఓవెన్లో కాలుస్తాను" అని అక్క అక్కడికక్కడే చెప్పేసింది.

"మూలుగుతూ తినాలా?" అన్నాను నేను.

"నువ్వు మూల కూర్చుని తిను" అంది. మాటకి మాట అంటించడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. మందు లేదు.

శనివారం పొద్దున్నే సంచీ మోయడానికి నన్ను వెంటేసుకుని బయల్దేరింది. మొదటి గొడ్డుమాంసం కొట్టువాడు తల కూడా ఎత్తకుండా, "ఎముకలా? ఇంట్లో కుక్కుందా అమ్మా?" అన్నాడు.

"తమ్ముడున్నాడు" అంది అక్క, నావైపు చూసి.

రెండో కొట్టులో పెద్దాయన ఉత్సాహంగా బల్లమీద ఓ బండరాయంత ఎముక దబ్బున పెట్టాడు. "మోకాలమ్మా! కొట్టులో ఇంతకన్నా పెద్దది లేదు."

"మోకాల్లో మెదడు దొరుకుతుందేమో గానీ మూలుగ దొరకదు బాబాయ్. తొడ ఎముక కావాలి, అదీ నడిమి ముక్క."

పెద్దాయన తొడకొట్టినంత పని చేశాడు. "అట్లా అడిగేవాళ్ళని చూసి ఎన్నాళ్ళయిందమ్మా!" అంటూ కత్తి ఎత్తాడు.

"కత్తి వద్దు, రంపం. కత్తితో కొడితే చిట్లుతుంది, పెచ్చులు పంటి కింద పడతాయి."

ఆయన కోసిన ఒక్కో ముక్కనీ అక్క వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. వాసన చూసింది. బొటనవేలితో లోపలి మూలుగని మెల్లిగా నొక్కింది. లేత గులాబీ రంగులో, వెన్నలా గట్టిగా ఉన్నవి సంచీలోకి వెళ్ళాయి. అంచు కాస్త బూడిదరంగు తిరిగిన ముక్కని నవ్వుతూనే వెనక్కి నెట్టేసింది. పెద్దాయన దాన్ని పక్కన పడేసి ఇంకోటి కోశాడు. పుచ్చకాయని తట్టి కొన్నా తెల్లగుజ్జు తెచ్చుకునే నాకు, చెల్లెలికి సంబంధం చూసినంత జాగ్రత్తగా ఎముకలు ఎంచుతున్న అక్కని చూస్తే నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడమంటే మాటలు కాదు!

ఇంటికి రాగానే ఎముకల్ని ఉప్పువేసిన చన్నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టింది. నీళ్ళు ఎర్రబడినప్పుడల్లా పారబోసి కొత్తవి పోసింది. "నెత్తురు మిగిలితే కాలినప్పుడు నల్లబడుతుంది" అని చెప్పింది. ఆదివారం మధ్యాహ్నానికి నీళ్ళు తేటబడ్డాయి.

అప్పుడు రొట్టె కొనడానికి వెళ్తూ బావకి ఒక్క పని అప్పజెప్పింది. "ఏమండీ, ఆ ఎముకలు శుభ్రం చేసి, తుడిచి పెట్టండి."

బావ పైపులు బాగుచేస్తాడు. అందుకే మాకు పైపు బావ. బొక్క ఉండి, లోపల ఏదో పట్టేసి ఉన్న వస్తువు కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు. నేను ముందుగదిలో కుర్చీలు సర్దుతున్నాను, చూసుకోలేదు.

అక్క తిరిగొచ్చేసరికి బల్లమీద ఎముకలు తళతళా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లోంచి చూస్తే అవతలి గోడ కనబడుతోంది.

"ఎంత గట్టిగా అడ్డుపడిందనుకున్నావ్! గరిటె కాడ పెట్టి తోస్తే గానీ రాలేదు" అని బావ ఒక ఎముకలోంచి గ్లాసుడు నీళ్ళు పోసి మరీ చూపించాడు. "చూడు, జలజలా!"

అక్క రొట్టె బల్లమీద పెట్టింది. "ఆ అడ్డుపడిందాన్ని ఏం చేశారు?"

"గిన్నెలో వేశాను. కొవ్వు సింకులో వేస్తామా? నా వృత్తిలో అంతకన్నా పాపం లేదు."

అప్పుడు చెప్పింది అక్క, అదే మూలుగని. బావ మొహం తడిసిన గోడలా అయిపోయింది. మాంసం కొట్లు అప్పటికే మూసేశారు. మేడమ్ వచ్చే వేళవుతోంది.

"నీ ఉద్యోగం ఊడగొట్టేశానా?"

"రాని ఉద్యోగం ఎలా ఊడుతుంది? మీరు మైదాపిండి కలపండి, గట్టిగా."

కోప్పడే తీరిక కూడా తనకి లేదు. చల్లగా ఉన్న మూలుగని ముక్కలు తరిగి, రొట్టెపొడి, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మతొక్క తురుము కలిపి మళ్ళీ ఎముకల్లో కూరడం మొదలెట్టింది. బావ ఒక ఎముక తిప్పి చూసి, "కరిగితే కిందినుంచి లీకవుతుంది" అన్నాడు.

"పిండి అందుకే."

"అయితే నాకొదిలెయ్."

పిండితో బిరడాలు చేశాడు. ఒక్కో ఎముక అడుగునా పెట్టి, తడివేలితో అంచు చుట్టూ నొక్కుతూ వచ్చాడు. పైపు అతుకు మూసే చెయ్యి, ఎక్కడా తొట్రుపాటు లేదు. అక్క కూరుతోంది, బావ మూస్తున్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఏదైనా ముట్టుకుంటే పాపమనిపించి.

కాలుతున్నంతసేపూ అక్క ఓవెన్ అద్దం ముందు గొంతుకూర్చుంది. పైభాగం ఉబ్బి, బంగారురంగుకి తిరిగి, బుడగలు మొదలవగానే పుల్ల గుచ్చి చూసి బయటికి లాగింది. ఇంకాసేపు ఉంచితే మూలుగంతా నూనెగా కరిగిపోతుందట. పళ్ళెంలో ఒక్క చుక్క కారలేదు. బావ ఆ పొడి పళ్ళెంకేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

మేడమ్ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. సన్నటి చెంచాతో తవ్వి, కాల్చిన రొట్టెమీద పూసి, నిమ్మరసం పిండుకుని తింది. ఇంకోటి తీసుకుంది. దాన్ని తిరగేసి, "అడుగున ఇదేంటి?" అంది.

బావ నేలకేసి చూశాడు. కొత్త పద్ధతని అక్క ఓ కోత కోసేస్తే సరిపోయేది. కొయ్యలేదు.

"మా ఆయన పైపులు బాగుచేస్తారు మేడమ్. పట్టేసిందనుకుని మూలుగంతా తోసేశారు. మళ్ళీ నింపాం. అది కారకుండా వేసిన మూత."

మేడమ్ ఆ మూతని విరిచింది. రసం పీల్చుకుని కరకరలాడుతున్న ముక్కని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఈ పొరపాటు రోజూ చేయగలవా?"

"చేస్తాను."

"రేపు వచ్చి తాళాలు తీసుకో." బావవైపు తిరిగింది. "మీరూ రండి. మా సింకు పట్టేసింది. వంటగదిలో ఇంకేదీ ముట్టుకోకండి."

పళ్ళెంలో ఒక్కటే మిగిలింది. నేను చెయ్యి చాచేలోపు అక్క అందుకుంది. మా అక్కది ఎముక లేని చెయ్యంటారు. ఆ పూట మాత్రం ఆ చేతిలో ఎముకుంది. తిన్నగా బావ ప్లేటులోకి వెళ్ళింది.